లైట్‌హౌస్ కింద భోజనం

జనవరి 11

ఒరేయ్ తమ్ముడూ,

నిన్నటితో నా ఆఫీసు అయిపోయింది. నేను లేచీ లేవగానే, ముప్పై ఒక్కేళ్ళు కూర్చున్న ఆ కుర్చీని ఎవరో లాక్కెళ్ళి కిటికీ దగ్గర వేసుకున్నారు. పోనీలే, మంచి కుర్చీ అది.

మేనేజరు నాలుగు మంచి మాటలు చెప్పి చేతిలో ఒక కవరు పెట్టాడు. విప్పితే ఓడ టికెట్టు, గెస్ట్‌హౌసులో గదికి చీటీ ఉన్నాయి. ఎక్కడికనుకున్నావు? మన దీవికే. నాలుగు రోజులు.

ముందు నవ్వొచ్చింది. ఆ దీవికి నేను పంపిన జనం ఎంతమందో లెక్కలేదు. "మెట్లెక్కేటప్పుడు నీళ్ళ సీసా మరిచిపోకండి" అని అక్కడే పుట్టి పెరిగినదానిలా చెప్పేదాన్ని. నేను మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. మొదట్లో సెలవు దొరకలేదు, తరవాత అమ్మ మంచం పట్టింది, ఆ తరవాత ఊరికే వెళ్ళలేదు.

నేను ట్రావెల్ ఆఫీసులో చేరిన రెండో నెల గుర్తుందా? "దీవి మీద చిన్న పుస్తకం రాసుకురా, ఎక్కడ తినాలి, ఏం చూడాలి, అంతే. బాగుంటే ఉద్యోగం ఖాయం" అన్నాడు అప్పటి మేనేజరు. నువ్వు ఓడలో ఇంజను గది పనికి చేరి ఏడాది. మీ ఓడ నెలకి రెండుసార్లు అక్కడ ఆగుతుందని తెలిసి నీకు రాశాను. పదకొండు పేజీలు పంపావు. "దీవిలో నాలుగు రోజులు" ఇప్పటికి పద్నాలుగుసార్లు అచ్చయింది. ప్రతి అచ్చులోనూ మాటలు నీవే. పేరు మాత్రం ఆఫీసుది.

ఇప్పుడు నాకోసం చెప్పు. తెల్ల ఇసుక తీరానికి పొద్దున వెళ్ళాలా, సాయంత్రం వెళ్ళాలా? జలపాతం దారిలో జారుతుందా? నువ్వు రాసిన ఏనుగు రాయికి పడవలో వెళ్ళాలా? అన్నిటికంటే ముందు, లైట్‌హౌస్ కింద ఇంట్లో మధ్యాహ్నం పన్నెండుకి మాత్రమే భోజనం పెట్టే ఆవిడ సంగతి చెప్పు. "వేయించిన చేప, పొగలు కక్కే అన్నం, నిమ్మచెక్క. ఆలస్యంగా వెళితే గిన్నె అడుగే మిగులుతుంది" అని రాశావు. ఆ వాక్యంలో నేను ఒక్క అక్షరం మార్చలేదు. ఆవిడ ఇంకా ఉందంటావా?

ఫోను చేద్దామంటే ఆ ఇంజను నీ చెవుల్ని మిగల్చలేదాయె. నేను అరవడం, నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, మధ్యలో పక్కింటివాళ్ళు కంగారుపడి రావడం. ఉత్తరమే నయం. వెంటనే రాయి.

అక్క

జనవరి 19

అక్కా,

ఉత్తరం అందింది. నువ్వు రిటైరైనందుకు సంతోషం. ఇక పొద్దున్నే బస్సు వెంట పరిగెత్తే పని లేదు.

దీవి విషయం. నా మాట విని అటు వెళ్ళకు. నేను ఓడ దిగేసి ఈ పంపుల రిపేరు షెడ్డులో చేరి పద్దెనిమిదేళ్ళయింది. అప్పటి దీవి వేరు, ఇప్పటిది వేరు. ఎండ మాడ్చేస్తుంది. లైట్‌హౌస్‌కి రెండు వందల మెట్లు, నీ మోకాలు చూస్తే పది మెట్లకే మొరాయిస్తుంది. జలపాతంలో ఈ కాలంలో చుక్క నీరుండదు. ఆ భోజనం పెట్టే ఆవిడ ఈపాటికి మానేసి ఉంటుంది. ఉన్నా నీకు ఆ కారం పడదు.

టికెట్టు మార్పించుకోరాదూ? కొండ మీది ఊళ్ళు చల్లగా ఉంటాయి. లేకపోతే ఇక్కడికే రా. షెడ్డు వెనక నా గదికి కొత్త కప్పు వేయించాను, వాన కురిసినా ఇప్పుడు కారదు.

తమ్ముడు

జనవరి 27

తమ్ముడూ,

పదకొండు పేజీలు రాసినవాడివి ఇవాళ పది వాక్యాలు రాశావు. అందులో తొమ్మిది "వద్దు"లు.

నేను కౌంటరు వెనక ముప్పై ఒక్కేళ్ళు కూర్చున్నదాన్ని. మనిషి ఏదైనా ఊరికి వద్దంటున్నాడంటే ఆ ఊరితో పేచీ ఉండదు, ఆ ఊళ్ళో మనిషితో ఉంటుంది. రాత్రంతా ఆలోచిస్తే నాకు తట్టింది. నువ్వు పెళ్ళి మాటెత్తితే ఎందుకు లేచిపోయేవాడివి? ఆ పదకొండు పేజీల్లో మూడు పేజీలు ఒక్క ఆవిడ వంట గురించే ఎందుకు రాశావు? "కారం పడదు" అంటున్నావు, మరి పుస్తకంలో "కారం తగుమాత్రం" అని రాసింది నువ్వు కాదా?

సూటిగా అడుగుతున్నాను. అక్కడ నీకు ఎవరైనా ఉన్నారా?

ఉంటే నాకేం కోపం లేదు. ఇన్నేళ్ళు దాచావే అని బాధ, అంతే. అమ్మ కూడా పోయింది, ఇక ఎవరికి భయపడాలి నువ్వు? చెబితే నేను ఒట్టి చేతులతో వెళ్ళకుండా ఉంటాను.

వచ్చే నెల పద్దెనిమిదిన దిగుతాను. రేవు పక్కన ఉన్న గెస్ట్‌హౌసు. వారానికి రెండుసార్లు పడవలో టపా వస్తుందట. నిజం రాయి.

అక్క

ఫిబ్రవరి 3

అక్కా,

నువ్వేమనుకుంటే అది అనుకో. వెళ్ళాలనుకుంటే వెళ్ళు, నేను ఆపలేను. ఆ లైట్‌హౌస్ మెట్లు మాత్రం ఎక్కకు. ఆ ఇంటి గుమ్మం తొక్కకు. ఇంతకంటే అడగకు.

తమ్ముడు

ఫిబ్రవరి 14

అక్కా,

ఇది నువ్వు దీవికి చేరేసరికి అక్కడికి చేరాలని గెస్ట్‌హౌసు చిరునామాకి వేస్తున్నాను. నీళ్ళు నమలడం మానేసి చెబుతున్నాను.

నేను ఆ దీవిలో ఎప్పుడూ కాలు పెట్టలేదు.

మా ఓడ రేవులోకి వచ్చేది కాదు, నీళ్ళలో దూరంగా ఆగేది. సరుకు పడవల్లోకి దించేవాళ్ళు. రెండు గంటలు. ఓడ పైన పనిచేసేవాళ్ళు దిగి తిరిగొచ్చేవాళ్ళు. ఇంజను చల్లారకూడదు గనక మా గదివాళ్ళకి సెలవు లేదు. వంతులవారీగా ఒక్కొక్కరం పైకొచ్చి పది నిమిషాలు గాలి పీల్చుకునేవాళ్ళం. నేను చూసిన దీవి అంతా ఆ పది నిమిషాలే. ఒక లైట్‌హౌస్, పైకెక్కే మెట్లు, లైట్‌హౌస్ కింద ఒక ఇల్లు, ఆ ఇంటి మీద సన్నగా పొగ. మేము ఎప్పుడు చేరినా పన్నెండే అయ్యేది. ఎవరో వంట చేస్తున్నారు అనుకునేవాణ్ణి. కింద మాకు డబ్బాలో చల్లారిన ముద్ద ఉండేది. ఆ పొగ కింద ఏం ఉడుకుతుందో ఊహించుకుంటూ తినేవాణ్ణి.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. వారంలో పుస్తకం కావాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది అన్నావు. నేను అప్పటికే ఇంటికి రాసిన ఉత్తరాల్లో దేశాలన్నీ తిరుగుతున్నట్టు కోతలు కోసేవాణ్ణి. నూనె మరకల మధ్య పడుకుంటున్నానని అమ్మకి ఎలా రాయను? నీకు మాత్రం "నేను చూడలేదక్కా" అని రాయడానికి ముఖం చెల్లలేదు. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు. జలపాతం లేదు. ఏనుగు రాయి లేదు. తెల్ల ఇసుక ఉందో లేదో నాకు తెలియదు. భోజనం పెట్టే ఆవిడ లేదు.

ఒక్కసారికి వాడి పారేస్తారనుకున్నాను. రెండోసారి అచ్చయిందని నువ్వు సంబరంగా రాశావు. అప్పుడు చెప్పాల్సింది. పద్నాలుగుసార్లు చెప్పాల్సింది.

అక్కడ నాకు ఎవరూ లేరు. ఉన్నారని నువ్వు అనుకుంటే వెళ్ళడం మానేస్తావేమోనని ఊరుకున్నాను. అదీ తప్పే.

తమ్ముడు

ఫిబ్రవరి 19

తమ్ముడూ,

చేరాను. టపా పడవ రేపు వస్తుందట, నీ ఉత్తరం అందులో ఉంటుందని ఆశ. అది చూడకుండానే ఇది రాస్తున్నాను, ఆగలేక.

నిన్న దీవి చూశాను. తీరంలో ఇసుక తెల్లగా లేదు. అసలు ఇసుకే లేదు, నల్లటి గుండ్రాళ్ళు. అల వెనక్కి వెళ్ళినప్పుడు బస్తాలోంచి శనగలు పోసినట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు వింటూ గంట కూర్చున్నాను. నువ్వు దీని గురించి ఎందుకు రాయలేదు? జలపాతం దొరకలేదు. దారి తప్పానేమో. ఏనుగు రాయి చూపించమని పడవ నడిపేవాణ్ణి అడిగితే ఒకటి చూపించాడు. అటు నుంచీ ఇటు నుంచీ చూశాను. "ఇందులో ఏనుగెక్కడయ్యా?" అన్నాను. తల గోక్కున్నాడు. "అందరూ వచ్చి అడుగుతారమ్మా. లేదంటే ముఖం మాడ్చుకుంటారు. మా నాన్న హయాంలోనే అందరూ కలిసి ఇది అనుకున్నారు" అన్నాడు.

ఇవాళ మెట్లెక్కాను. నువ్వు వద్దన్నావని తెలుసు. మోకాలు మొరాయించింది, అయినా ఎక్కాను. చేతిలో ఆరు గాజు కప్పులు, కొత్తవి, నా మరదలికని తెచ్చినవి. దారిలో ఒకటి పగిలింది.

ఆ ఇల్లు అక్కడే ఉంది. నాలుగు బల్లలు, ముందు రేకుల పందిరి. పన్నెండు కొట్టడానికి పావుగంట ముందే ఇరవై మంది నిలబడి ఉన్నారు, సగం మంది చేతుల్లో నా పుస్తకం. ఒక బల్ల మీద గిన్నె బోర్లించి ఉంది, అక్కడ ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మోచేతుల దాకా తడి. చేప, అన్నం, నిమ్మచెక్క. కారం తగుమాత్రమే. అందరూ వెళ్ళాక దగ్గరికి వెళ్ళి కప్పులు చేతిలో పెట్టి, "మరదలా, నేను మా తమ్ముడికి అక్కని" అన్నాను.

"ఏ తమ్ముడు?" అంది.

"ఓడలో ఇంజను గదిలో పనిచేసేవాడు."

ఆవిడ గుంజ పట్టుకుంది. "ఓడలోనా? అయితే ఆయన్ని చూశాడా? మా ఆయన్ని?"

నాకు మతిపోయింది. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. పెళ్ళయిన మూడేళ్ళకి ఆవిడ భర్త పని వెతుక్కుంటానని ఓడెక్కాడు. కబురు లేదు. ఈవిడ కూలికి వలలు అల్లుతూ, ఒక పూట పొయ్యి వెలిగించుకుంటూ ఉండేది. ఒకరోజు ఇద్దరు మొగుడూ పెళ్ళాలు, కొత్తవాళ్ళు, చెమటలు కారుతూ మెట్లెక్కి వచ్చి, "ఇక్కడ భోజనం పెడతారట కదా" అన్నారు. ఈవిడ అప్పుడు బట్టలారేస్తోందట.

"ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"ఇందులో రాసి ఉంది" అని పుస్తకం చూపించారు.

ఉన్న అన్నం, ఉన్న రెండు చేపలు వాళ్ళకి పెట్టి తను గంజి తాగింది. తరవాతి వారం నలుగురు వచ్చారు. ఆ తరవాత జనం రావడం ఆగలేదు.

"ఎక్కడున్నాడో ఆయనే చెప్పి పంపిస్తున్నాడని నాకు తెలుసు. నేను ఇక్కడ ఉంటానని, చేప వేయిస్తానని ఇంకెవరికి తెలుసు? తను రాలేక మనుషుల్ని పంపిస్తున్నాడు. అందుకే ఆ బల్ల ఆయనకి" అంది.

ఆవిడకి నువ్వెవరో తెలియదు. కానీ నువ్వూ ఆయనా ఒకే ఓడలో ఉన్నారని ఇప్పుడు గట్టిగా నమ్ముతోంది. రేపు నీ ఉత్తరం రాగానే తెచ్చి చదివి వినిపించమంది. ఆయన పోయాడా, ఉన్నాడా? ఎవరి మాట విని ఈ వంట గురించి రాశావు? అందుకేనా ఈ గుమ్మం తొక్కవద్దన్నావు?

అక్క

ఫిబ్రవరి 21

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడుసార్లు చదివాను.

తిడదామని కూర్చున్నాను. తిట్లన్నీ నా మీదికే వచ్చాయి. ఒక బడి మాస్టారు ఉండేవాడు, జలపాతం లేదని నాకు మూడు ఉత్తరాలు రాశాడు. "మీరు ఎడమవైపు దారి పట్టి ఉంటారు" అని మొదటిసారి మర్యాదగా రాశాను. మూడోసారి, "మీలాంటి తొందరపాటువాళ్ళకి ప్రకృతి కనపడదు" అని రాశాను. ఆయనే కాదు, ఇలా ఎంతమందికో రాశాను. మా తమ్ముడు చూశాడు అన్న ఒక్క ధైర్యంతో. మొన్న కూడా, జలపాతం దొరకకపోతే దారి తప్పింది నేనే అనుకున్నాను చూడు.

సరే, అది నాకూ నీకూ మధ్య. ఆవిడకి ఏం చెప్పాలన్నది పెద్ద చిక్కయింది. నీ ఉత్తరం రాలేదని చెబుదామా అనుకున్నాను. మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు నమ్మిన మాటని లాగేసుకోవడానికి నేనెవరిని? అలాగని ఇంకో అబద్ధం కలిపితే, ఇక మిగిలిన రోజులన్నీ ఆవిడ నా తమ్ముడి జవాబు కోసం చూస్తూ కూర్చుంటుంది. ఎదురుచూపు ఒకటి చాలదా ఆ మనిషికి?

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఒక్క ముక్క దాచలేదు. పొగ దగ్గరికి వచ్చేసరికి "మళ్ళీ చదవండి" అంది. మళ్ళీ చదివాను.

విని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. బియ్యం కడిగింది. చేపలు తోమింది. నేను లేచి వచ్చేశాను. ఆగమనలేదు.

ఇవాళ మళ్ళీ వెళ్ళాను, పొమ్మంటే పోదామని. అన్నం వారుస్తోంది. నావైపు చూడకుండానే అంది: "అయితే ఆయన పంపలేదన్నమాట."

"లేదమ్మా."

"మొదటివాళ్ళు మీ తమ్ముడి రాత చూసి వచ్చారు. సరే. రెండోసారి మళ్ళీ వచ్చినవాళ్ళు? పిల్లల్ని వెంటేసుకుని వచ్చినవాళ్ళు?"

"నీ వంటకి వచ్చారు."

గంజి వంచేసి గిన్నె పక్కన పెట్టింది. "ముప్పై ఏళ్ళు ఆయన పుణ్యమే అనుకున్నాను. ఎవరైనా బాగుందంటే, ఆయనకి చెప్పండి అనేదాన్ని మనసులో" అంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం వచ్చినట్టుంది, ఎవరి మీదో తెలియదు. పన్నెండయింది. జనం ఎక్కువ, పందిరి బయట ఒక ముసలాయన ఎండలో నిలబడి ఉన్నాడు. ఆవిడ వెళ్ళి, ఆ బల్ల మీద బోర్లించిన గిన్నె తీసి తోమే గిన్నెల్లో పడేసి, బల్ల తుడిచి, ముసలాయన్ని చెయ్యి పట్టి తెచ్చి కూర్చోబెట్టింది.

రేపు ఓడెక్కుతున్నాను. ఇంటికెళ్ళగానే ఆ మాస్టారు చిరునామా వెతకాలి, బతికుంటే క్షమించమని రాయాలి. ఆఫీసుకి వెళ్ళి పుస్తకం ఆపించాలి.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. నాకు జవాబు రాయకు. క్షమించమని ఆవిడకీ ఉత్తరం రాయకు, నీ ఉత్తరాలు చాలు. వెళ్ళు. వెళ్ళాక, అక్కణ్ణుంచే నాకు రాయి.

అక్క

మార్చి 24

అక్కా,

నువ్వు రాయవద్దన్నావు గనక నెల రోజులు రాయలేదు. సెలవు అడిగితే షెడ్డు యజమాని నావైపు వింతగా చూశాడు. పద్దెనిమిదేళ్ళలో ఇది మొదటిసారి.

నిన్న మధ్యాహ్నం దిగాను. పడవలోంచి కాలు తీసి రాళ్ళ మీద పెట్టాను. నువ్వు రాసిన ఆ రాళ్ళ చప్పుడు నాకు వినపడలేదు. అరికాళ్ళకి మాత్రం తెలిసింది.

ఇవాళ పన్నెండుకి పైకి వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే నేనెవరినో చెప్పాను. నా సంగతి తెలుసుగా, నాకు వినపడదని నేను ఎంత గట్టిగా మాట్లాడతానో నాకే తెలియదు. మెల్లగా చెబుతున్నాననుకున్నాను. చూస్తే నాలుగు బల్లలవాళ్ళూ చెంచాలు ఆపేసి నావైపే చూస్తున్నారు. ఇక దాచడానికేముంది? నిలబడి అంతా చెప్పేశాను. పది నిమిషాలు, పొగ, డబ్బాలో ముద్ద, అన్నీ.

ఆవిడ చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "మా ఆయన్ని ఎప్పుడైనా చూశావా?"

"లేదమ్మా. మా గదిలో పదిహేడుమందిమి. ఆయన లేడు. ఉన్నాడని చెబితే బాగుండును, కానీ లేడు" అన్నాను.

తల ఊపింది. నన్ను ఎగాదిగా చూసింది. మళ్ళీ అరిచింది.

"పన్నెండుకే అని ఎందుకు రాశావు?"

"మా ఓడ పన్నెండుకి వచ్చేదమ్మా. అప్పుడే పొగ కనపడేది."

"ముప్పై ఏళ్ళుగా నాకు మధ్యాహ్నం కునుకు లేదు తెలుసా? రెండింటికని రాసి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

పందిరి కింద అందరి భుజాలూ కదిలాయి. నాకు నవ్వు వినపడదు గానీ కనపడుతుంది. ఆవిడ నవ్వలేదు. కంచం తెచ్చి నా ముందు పెట్టి, వెళ్ళిపోయింది. క్షమించిందో లేదో తెలియదు. అడగలేదు. అడిగే హక్కు లేదనిపించింది.

అక్కా, ఆ చేప నేను రాసినట్టు లేదు. నేను రాసినదానికి ముల్లు లేదు. దీనికి ముల్లుంది, ఒకటి గొంతులో గుచ్చుకుంది, ఆవిడే వచ్చి అన్నం ముద్ద మింగమని సైగ చేసింది. మెల్లగా తిన్నాను. చివరిదాకా కూర్చున్నాను. గిన్నెలు కడగబోతే చెయ్యి తోసేసింది. మళ్ళీ కాసేపటికి ఒక గుడ్డ విసిరింది, తుడవమని. తుడిచాను.

ఇప్పుడు మెట్ల కింద రాతి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక ఒక జంట వచ్చి పక్కన కూర్చున్నారు. కొత్తగా పెళ్ళయినట్టుంది, ఇద్దరి చెప్పులూ ఒకే రంగు. నన్ను ఇక్కడి ముసలివాడు అనుకున్నారు. ఆ అమ్మాయి ఏదో అడిగింది, వినపడలేదు. కాగితం మీద రాసి చూపించింది: ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయండీ?

నాకు తెలియదమ్మా, నేను నిన్ననే వచ్చాను అని రాసిచ్చాను.

దీవి అవతలి వైపు ఏముందో వాళ్ళకీ తెలియదట. నడుచుకుంటూ వెళ్ళి చూస్తారట, నన్నూ రమ్మంటున్నారు. చెప్పులు తొడుక్కుంటున్నారు. ఉంటాను.

తమ్ముడు